నాటకం మీదో సినిమా మీదో రాసేటప్పుడు ఫ్రెంచి మాటను ఎలా వాడాలి

కోనసీమలో తీర్థానికి వేసిన పద్యనాటకం గురించో, భీమవరంలో చూసివచ్చిన కొత్త సినిమా గురించో నాలుగు పేరాలు రాయడానికి కూర్చున్నవారికి ఈ రోజుల్లో రెండో పేరాకే ఒక ఫ్రెంచి మాట అవసరపడుతోంది. ఓతర్, మాంటేజ్, అవాంగార్డ్, మిజాన్సెన్, పాస్తీష్, బ్రికొలాజ్ మొదలైనవి వినడానికి సాంకేతిక పదాల్లా ఉంటాయి కనుక, ఎవరు వాడినా అర్థం ఒకటేనని మనం అనుకుంటాం. నిజానికి వీటిలో చాలావాటిలో వర్ణనతో పాటు మెప్పో, ఎత్తిపొడుపో, ఏదో పాత తగాదాలో ఎవరో పట్టిన పక్షమో కలిసి ఉంటుంది. దాన్ని గమనించకుండా మాటను మాత్రం తెచ్చుకుంటే, మీరు మెచ్చుకోదలచిన నటుణ్ని మీ వాక్యమే చిన్నబుచ్చుతుంది. అలా జరగకుండా ఉండేందుకు రాసే ముందు, రాసేటప్పుడు చేయవలసిన పనులు ఇవి.

మొదట, మాట ఏ దారిన వచ్చిందో తేల్చుకోండి

మన డెల్టాలోనే, గౌతమి ఒడ్డున ఉన్న యానాంలో, మధ్యమధ్య బ్రిటిష్ వారి చేతికి పోయి వచ్చినా, ఫ్రెంచి పాలన 1954 వరకు సాగింది. అంత దగ్గరలో ఫ్రెంచి వారున్నా, విమర్శలో మనం వాడే ఫ్రెంచి మాటలు యానాం మీదుగా మనకు రాలేదు. అవి వచ్చిన దారులు ముఖ్యంగా మూడు: ఇంగ్లీషులో రాసిన సాహిత్య, సినిమా విమర్శ, చెన్నపట్నం నుంచి హైదరాబాదు దాకా సాగిన సినిమా పరిశ్రమ వాడుక, వామపక్ష సాహిత్యం. దారి మారితే అర్థపు ఛాయ మారుతుంది కనుక, మీ చేతిలోని మాట ఏ దారిదో ముందు నిర్ణయించుకోవాలి.

మాంటేజ్ ఇందుకు మంచి ఉదాహరణ. ఫ్రెంచివారికి అది రోజువారీ మాట. యంత్రం భాగాలను బిగించడమూ మోంతాజే, సినిమా కూర్పూ మోంతాజే. 1920లలో సోవియట్ దర్శకుడు ఐసెన్‌స్టీన్, ఆయన సమకాలికులు దాన్ని ఒక సిద్ధాంతం చేశారు: రెండు దృశ్యాలను ఢీకొట్టిస్తే ఆ రెండింటిలోనూ లేని మూడో భావం ప్రేక్షకుడి మనసులో పుడుతుందన్నది ఐసెన్‌స్టీన్ వాదం. అమెరికా సినిమాలో అదే మాట కాలాన్ని కుదించే ఉపాయానికి పేరైంది. క్యాలెండరు కాగితాలు రాలడం, రైళ్లు పరుగెత్తడం, నిమిషంలో పదేళ్లు గడిచిపోవడం. మన పరిశ్రమలో మాంటేజ్ పాట అంటే పాత్రలు పెదవులు కలపకుండా, వెనుక పాట సాగుతుండగా ముక్కలు ముక్కలుగా సన్నివేశాలు వచ్చే పాట. "ఈ సినిమాలో మాంటేజ్ బాగుంది" అని మీరు రాస్తే, సినిమావాళ్లు పాట బాగుందని అనుకుంటారు, సినిమా సిద్ధాంతం చదివినవారు దృశ్యాల సంఘర్షణ గురించి అనుకుంటారు. ఎడిటరు పని గురించే చెప్పదలిస్తే కూర్పు అన్న మాట మన సినిమా టైటిళ్లలో ఎప్పటినుంచో ఉంది, దాన్నే వాడండి. పాటను మాంటేజ్ పాట అనండి. ఐసెన్‌స్టీన్ అర్థం కావలసి వచ్చినప్పుడు, ఏ దృశ్యం పక్కన ఏ దృశ్యం పడిందో, వాటివల్ల ఏ మూడో ఊహ కలిగిందో చెప్పిన తర్వాతనే మాంటేజ్ అన్న మాట తీసుకురండి.

వామపక్ష దారిలో వచ్చినవాటిలో అందరికీ తెలిసినది బూర్జువా. తెలుగులో ఈ మాటకు ఒకే ముఖం మిగిలింది. అది పెట్టుబడిదారుడి ముఖం. ఫ్రెంచిలో మొదట అది పట్టణంలో హక్కులున్న పౌరుడు. తర్వాత పెట్టుబడి ఉన్నవాడు. పందొమ్మిదో శతాబ్దపు రచయితల నోట, సుఖంగా బతుకుతూ, కళలో కొత్తదనమంటే బెదిరిపోయే మనిషి. డబ్బుకూ ఈ మూడో అర్థానికీ చుట్టరికం ఉంది గాని, రెండూ ఒకటి కావు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలువల నీటితో వరి మీద సంపాదించిన మోతుబరి రైతు భూస్వామి అవుతాడు గాని, బూర్జువా కాడు. ఆ వరి డబ్బు రైసు మిల్లుగానో సినిమా హాలుగానో మారినప్పుడు ఆ మాటకు చోటు వస్తుంది. కనుక "బూర్జువా అభిరుచి" అని రాసేముందు, మీరు వర్గం గురించి మాట్లాడుతున్నారా, అభిరుచి గురించి మాట్లాడుతున్నారా అని ఒకసారి చూసుకోండి. అభిరుచి గురించే అయితే, ఏ దృశ్యంలో ఏ భద్రత కోసం రచయిత రాజీపడ్డాడో చెప్పడం మేలు. తిట్టు తేలిక, రుజువు కష్టం.

రెండో పని: వర్ణనను, తీర్పును విడదీయండి

ఒక కాగితం మధ్యలో గీత గీసి, ఎడమవైపు ఆ మాట ఏమి వర్ణిస్తుందో, కుడివైపు ఏ తీర్పు చెబుతుందో రాసుకోండి. కుడివైపు ఖాళీగా ఉంటే ఆ మాటను మీరింకా సరిగా చూడలేదని అనుమానించండి.

ఓతర్ తో మొదలుపెట్టవచ్చు. ఫ్రెంచిలో దాని అర్థం రచయిత, కర్త. పుస్తకం రాసినవాడూ ఓతరే. 1954 జనవరిలో ఫ్రెంచి విమర్శకుడు, తర్వాత దర్శకుడైన ఫ్రాన్సువా త్రూఫో కైయే ద్యు సినెమా పత్రికలో ఒక వ్యాసం రాసి, పేరున్న నవలలను శుభ్రంగా అనుసరించే సంభాషణా రచయితల చేతిలో ఫ్రెంచి సినిమా చిక్కుకుందని విరుచుకుపడ్డాడు. ఆ పత్రికలో రాసే విమర్శకుల బృందం వాడిన "పోలితిక్ దెజోతర్" అన్న పదబంధంలో పోలితిక్ అన్న మాట ఉంది. అక్కడ దానికి విధానం, పట్టిన పక్షం అని అర్థం. 1962లో అమెరికన్ విమర్శకుడు ఆండ్రూ సారిస్ దాన్ని ఇంగ్లీషులోకి తెస్తూ సిద్ధాంతం చేశాడు. మనకు అందింది ఆ సిద్ధాంతమే. పైగా మన దగ్గర ఓతర్ సినిమా అంటే హాలు ఖాళీగా ఉండే సినిమా అన్న అర్థం స్థిరపడిపోతోంది, ఇది పూర్తిగా తలకిందుల వాడుక. ఆ ఫ్రెంచి విమర్శకులు నెత్తిన పెట్టుకున్నది హాలీవుడ్ స్టూడియోలలో టికెట్ల కోసం సినిమాలు తీసిన హిచ్‌కాక్ నూ హోవర్డ్ హాక్స్ నూ. స్టూడియో కథ ఇచ్చినా, తారలను ఇచ్చినా, ఆ సినిమా మీద దర్శకుడి చూపు ముద్ర పడిందని వారు వాదించారు. కాబట్టి మీ కాగితం మీద ఎడమవైపు "ఒకే దర్శకుడి అనేక చిత్రాలలో తిరిగి తిరిగి కనిపించే చూపు" అని, కుడివైపు "ఆ చూపు ఉండడం గొప్ప" అని వస్తుంది. ఒక్క సినిమా తీసిన దర్శకుణ్ని ఓతర్ అనడానికి ఎడమవైపు ఆధారం దొరకదు. మంచి దర్శకుడు అంటే సరిపోతుంది.

అదే బృందం మాటల్లో ఇంకో చిత్రముంది. మెత్తర్ ఆఁ సెన్ అంటే రంగస్థల దర్శకుడు. వారి చేతిలో ఆ మాట, ఇతరుల కథను అప్పగించినట్టే తెర మీద పరిచేవాడన్న చిన్నచూపుగా మారింది. కాని అదే పనికి పేరైన మిజాన్సెన్ మాత్రం వారి నోట పెద్ద పొగడ్త. మనిషి పేరు తిట్టు, పని పేరు మెప్పు! ఇలాంటివి నిఘంటువులో దొరకవు. ఆ మాటతో ఎవరు ఎవరిని ఏమన్నారో చూసినప్పుడే దొరుకుతాయి.

అవాంగార్డ్ గురించి క్లుప్తంగా. సైన్యంలో ముందు నడిచే దళానికి ఫ్రెంచివారు పెట్టుకున్న పేరది. 1825లో ఫ్రెంచి సామాజిక చింతకుడు సాన్ సిమోన్ అనుచరుల రచన ఒకటి కళాకారులు సమాజానికి అలాంటి ముందు దళమని చెప్పింది. ముందు దళమంటే వెనుక సైన్యం రావాలి. ఎవరూ వెనుక రాని వింత పనికి ప్రయోగం అన్న పేరు చాలు. 1965లో తొలి సంపుటి తెచ్చిన దిగంబర కవులలో కొందరు 1970లో విరసం (విప్లవ రచయితల సంఘం)లోకి నడిచారు, వారి భాష ప్రభావం తర్వాతి కవిత్వం మీద పడింది. అక్కడ అవాంగార్డ్ అనవచ్చు. నిన్న విడుదలైన పొట్టి సినిమాకు ఆ మాట వాడడానికి కొన్నేళ్లు ఆగక తప్పదు.

మూడో పని: కళ్లెదుట ఉన్న వస్తువు మీద పెట్టి చూడండి

ప్యారిస్ ఉదాహరణలతో మాట నేర్చుకుంటే అది ప్యారిస్ వరకే పనిచేస్తుంది. మీ ఊళ్లో మీరు చూసిన ఒక వస్తువు మీద దాన్ని ప్రయోగించి, ఎక్కడ పట్టిందో ఎక్కడ జారిందో రాసుకోండి. నా దృష్టిలో అన్నింటికన్నా ఎక్కువ ఫలితమిచ్చే పని ఇదే.

మిజాన్సెన్ అర్థం కావాలంటే రాయబారం నాటకంలో పడక సీను చూస్తే చాలు. వేదిక మధ్య మంచం. దాని మీద కృష్ణుడు నిద్ర నటిస్తుంటాడు. ముందు వచ్చిన దుర్యోధనుడు తలవైపు ఆసనం మీద కూర్చుంటాడు, తర్వాత వచ్చిన అర్జునుడు కాళ్లవైపు నిలబడతాడు. కృష్ణుడు కళ్లు తెరవగానే ముందు కనబడేది కాళ్లవైపు ఉన్నవాడే. ఒక్క పద్యం మొదలుకాకముందే ఎవరికి గర్వముందో, ఎవరికి వినయముందో, యుద్ధంలో ఎవరికి ఏమి దక్కబోతుందో మంచం చుట్టూ మనుషులు సర్దుకున్న తీరే చెప్పేసింది. ఇంగ్లీషు సినిమా పుస్తకాలలో మిజాన్సెన్ అంటే ఇది: ఆసనాలు, దుస్తులు, వెలుగు, నటుల కదలిక, ఎవరు ఎవరికి ఎంత దూరం అన్న లెక్క. ఫ్రెంచి నాటకరంగంలో దాని వాడుక ఇంకా విశాలం, మొత్తం దర్శకత్వానికే ఆ పేరు. మీ వ్యాసంలో మంచం ఎటు తిరిగి ఉందో, ఆసనం ఎంత ఎత్తులో ఉందో చెప్పగలిగితే మిజాన్సెన్ అన్న మాట వాడే హక్కు మీకు వచ్చినట్టే. సెట్టింగులు బాగున్నాయని చెప్పడానికైతే ఆ మాట దండగ.

పడక సీనులోనే పాస్తీష్ కూడా పరీక్షకు నిలుస్తుంది. ఇతరుల శైలిని అనుకరించి రాయడమే పాస్తీష్. ఫ్రెంచి సాహిత్యంలో అది చేయితిరిగినవారి విద్య. నవలాకారుడు ప్రూస్ట్ అంతటివాడు తన పాస్తీష్‌లను 1919లో పుస్తకంగా వేశాడు. పేరడీ అంటే జరుక్ శాస్త్రి గుర్తుకొచ్చే మన పాఠకులకు తేడా చెప్పడం సులువు: పేరడీలో ఎగతాళి ఉంటుంది, పాస్తీష్‌లో ఉండనక్కరలేదు. 1980లలో అమెరికన్ విమర్శకుడు ఫ్రెడ్రిక్ జేమ్సన్ దీనికి చేదు కలిపాడు. పాస్తీష్ అంటే నవ్వు పోయిన పేరడీ అని, సొంత శైలి అడుగంటిన కాలానికి అది గుర్తు అని ఆయన అన్నాడు. ఇంగ్లీషు చదువుల దారిన మనకు వచ్చింది ఈ చేదు ఛాయే. ఇప్పుడు ఒక కుర్ర నటుడు పాతతరం పద్యనాటక నటులైన పీసపాటి బాణీలోనో షణ్ముఖి బాణీలోనో కృష్ణుడి పద్యం రాగం తీశాడనుకోండి. దాన్ని పాస్తీష్ అంటే అతనికి సొంత గొంతు లేదన్న నింద పడుతుంది. బాణీ అంటే గురువుల వరుసలో నిలబడ్డాడన్న గౌరవం దక్కుతుంది. ఇక్కడ నేనైతే తెలుగు మాటకే ఓటు వేస్తాను. పాత నలుపు తెలుపు సినిమాల దుస్తులు, మాటతీరు ఏ కారణమూ లేకుండా తెచ్చిపెట్టుకున్న కొత్త సినిమాకు మాత్రం పాస్తీష్ సరిగ్గా సరిపోతుంది.

బ్రికొలాజ్ మీద ఎక్కువమంది జారిపడతారు. 1962లో మానవశాస్త్రజ్ఞుడు క్లోద్ లెవీ స్త్రోస్ పురాణగాథలు పుట్టే తీరును చెప్పడానికి ఈ మాట ఎంచుకున్నాడు: ఇంజనీరు తన పనికి తగిన సామగ్రిని సంపాదించుకుంటాడు, బ్రికొలర్ ఇంతకుముందు వేరే పనులకు వాడి మిగిలినవాటితోనే కొత్తది కడతాడు. కాని ఫ్రెంచి ఇళ్లలో బ్రికొలాజ్ అంటే సొంతంగా చేసుకునే చిన్న మరమ్మతులు, కొన్నిసార్లు అతుకుల పని అన్న ఈసడింపు కూడా. కనుమ నాడు కోనసీమలోని జగ్గన్నతోటకు ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి. వెదురు చట్రం, కొత్త బట్టలు, పూలదండలు చూసి దాన్ని బ్రికొలాజ్ అని రాయాలన్న కోరిక కలుగుతుంది. అది పొరపాటు. ప్రభకు తరతరాల కొలత ఉంది, దానికోసమే తెచ్చే వెదురు ఉంది, కట్టడం తెలిసిన చేతులున్నాయి; గంగలకుర్రు ప్రభలను భుజాల మీద మోస్తూ కౌశిక నీళ్లలోంచి దాటించేటప్పుడు అది నిలవాలంటే అతుకుల పని సరిపోదు. అదే ఊళ్లో వినాయక చవితికి పాత ఫ్లెక్సీ చట్రాలు, పెళ్లిపందిరి గుంజలు, కొబ్బరాకులు కలిపి పిల్లలు కైలాసం కట్టారనుకోండి. అక్కడ బ్రికొలాజ్ అన్న మాట ఫ్రెంచి అర్థాలన్నిటితోనూ నప్పుతుంది.

కొన్ని మాటలు ఎంత ప్రయత్నించినా ఇక్కడ పట్టవు. ఫ్రెంచి కవి బోదలేర్ 1863లో వర్ణించిన ఫ్లానర్, నగరపు జనంలో ఎవరికీ తెలియకుండా, పనిలేకుండా తిరుగుతూ అంతా చూసే మనిషి. మన కాలువ గట్టు మీద తిరిగేవాణ్ని నాలుగడుగులకొకరు "ఎందాకా అండీ?" అని ఆపుతారు, "ఆయ్, ఇలా ఊరికేనండీ" అని అతను జవాబు చెప్పి తీరాలి. అజ్ఞాతం లేని చోట ఫ్లానర్ లేడు. పట్టకపోవడం కూడా పనికొచ్చే ఫలితమే. మీ కథానాయకుడు ఎందుకు ఫ్లానర్ కాలేడో రెండు వాక్యాల్లో చెబితే ఆ ఊరి గురించి పాఠకుడికి బాగా తెలుస్తుంది.

నాలుగో పని: ఫ్రాన్స్‌లో ఆ మాట రోజూ ఏమి చేస్తోందో కనుక్కోండి

ఇంగ్లీషు దారిలో కొన్ని మాటలు తమ పుట్టింటి వాడుకను వదిలేసుకున్నాయి. ఇంగ్లీషు ప్రేక్షకులు మళ్లీ పాడమని "ఆంకోర్" అని అరుస్తారు. ఫ్రెంచి ప్రేక్షకులు ఆ సందర్భంలో అరిచేది "బిస్". మన పద్యనాటకాల ప్రేక్షకులు "వన్స్ మోర్" అంటారు. కనుక తెలుగు సమీక్షలో ఆంకోర్ రాయడానికి ఏ కారణమూ కనబడదు. ఇంగ్లీషులో దేజావూ అంటే ఇంతకుముందు జరగనిది జరిగినట్టు తోచే భ్రమ. ఫ్రెంచివారు ఒక సినిమాను దేజావూ అంటే పాత చింతకాయ పచ్చడే అని ఈసడించడం కూడా కావచ్చు. మన సమీక్షకులు ఎక్కువగా రెండో అర్థంలోనే వాడుతున్నారు, ఆ రకంగా తెలియకుండానే ఫ్రెంచివారికి దగ్గరగా ఉన్నారు. క్లిషే అచ్చు యంత్రాల కాలపు మాట. పోతపోసిన అచ్చు పలక. ఫోటోకు కూడా ఫ్రెంచివారు మామూలుగా ఆ మాట వాడతారు, అందులో నింద లేదు. మన విమర్శకు కావలసిన నింద అంతా పడికట్టు మాట అన్నదానిలో ఉంది. మ్యాట్నీ మూలంలో ఉదయం ఉంది. మనకు మాత్రం మార్నింగ్ షో వేరు, మ్యాట్నీ వేరు. ఇలా ఇక్కడే స్థిరపడిపోయినవాటిని సరిదిద్దబోకండి.

ఇంతలో ఒక హెచ్చరిక: విదేశీ మాటలన్నీ ఫ్రెంచివి కావు. కిట్ష్ జర్మన్ మాట, డిలెటాంటే ఇటాలియన్ మాట. వాటికి ఫ్రెంచి ఉచ్చారణ తగిలించడం రచయితకు నవ్వులపాటు.

ఐదో పని: తెలుగు లిపిలో ఎలా రాయాలో ఒకసారి నిర్ణయించి, దాన్నే పాటించండి

ఫ్రెంచి త, ద ధ్వనులు మన త, ద లకు దగ్గర. ట, డ లు ఇంగ్లీషు దారి గుర్తులు. కొత్తగా తెచ్చే మాటకు త, ద లే వాడండి: పాస్తీష్, మెత్తర్. ఓతర్‌ను ఓటర్ అని రాస్తే పాఠకుడు అది ఎన్నికల వార్త అనుకుంటాడు, ఆ తప్పు అతనిది కాదు. అయితే మాంటేజ్, అవాంగార్డ్ ఇప్పటికే ట, డ లతో నిలిచిపోయాయి. వాటిని కదిపి పాఠకుణ్ని ఇబ్బంది పెట్టవద్దు. సినిమా రకాన్ని చెప్పే మాటకు జానర్, జోనర్ రెండూ కనబడుతున్నాయి, ఒకటి పట్టుకోండి. ముక్కుతో పలికే ఫ్రెంచి అచ్చులకు మన అరసున్న చక్కగా సరిపోతుంది గాని, అరసున్నను పలికే పాఠకులు ఇప్పుడు అరుదు. తప్పనిసరైన చోటనే వాడండి. ఓతరత్వం, అవాంగార్డీయం వంటి సమాసాలు మాత్రం చేయకండి. వైరి సమాసమన్న అభ్యంతరం అటుంచితే, ప్రత్యయం తగలగానే మాటలోని ఛాయ మాసిపోయి ఒక బరువైన శబ్దం మాత్రమే మిగులుతుంది.

చివరగా, వాక్యాన్ని విప్పి మళ్లీ కట్టండి

చిత్తుప్రతిలో ఇలా రాశారనుకోండి: "తీర్థంలో వేసిన రాయబారంలో మిజాన్సెన్ అవాంగార్డ్ స్థాయిలో ఉంది, దర్శకుడు నిజమైన ఓతర్ అనిపించుకున్నాడు." ఒక్కొక్క మాటను తీసి ఆధారం అడగండి. ఓతర్ అనడానికి ఆ దర్శకుడివి ఇతర ప్రదర్శనలు మీరు చూశారా? పైగా పద్యనాటకంలో కర్తృత్వం పద్యం రాసిన కవికి, రాగం తీసిన నటుడికి, హార్మోనియం మీద శ్రుతి పట్టినవారికి పంచబడి ఉంటుంది. అంతా దర్శకుడి ఖాతాలో వేయడం న్యాయం కాదు. ఆ మాట పోయింది. అవాంగార్డ్ అనడానికి వెనుక ఎవరైనా వస్తున్నారా? తెలియదు, అదీ పోయింది. మిగిలింది మిజాన్సెన్, దానికి కళ్లెదుట ఆధారముంది. అప్పుడు వాక్యం ఇలా తయారవుతుంది: "దుర్యోధనుడి ఆసనాన్ని ఈసారి మంచం తలకన్నా మూరెడు ఎత్తున వేసి, అర్జునుణ్ని నేల మీదే నిలబెట్టడంతో, కృష్ణుడు కళ్లు తెరవకముందే గర్వానికీ వినయానికీ మధ్య దూరం ప్రేక్షకుడికి కంటితో కొలవడానికి దొరికింది, మిజాన్సెన్ అని విమర్శకులు పిలిచే ఈ అమరిక నాటకంలోని మొదటి పద్యం కంటే ముందే మాట్లాడింది."

ఇందులో ఫ్రెంచి మాట ఒక్కసారే వచ్చింది, వచ్చేసరికి దాని అర్థం అప్పటికే పాఠకుడి కళ్ల ముందు ఉంది, కుండలీకరణాలలో వివరణ అవసరం పడలేదు. వ్యాసంలో ఆ మాట మళ్లీ రాకపోతే, ఇక్కడ కూడా దాన్ని కొట్టేసి "ఈ అమరిక" అని వదిలేయవచ్చు. రెండు మూడు చోట్ల తిరిగి వస్తేనే ఉంచండి. పేరాకు ఒకటికి మించి కొత్త మాట రానివ్వకండి. సంపాదకులు చివర పదకోశం అడిగితే, ఒక్కొక్క మాటకు అర్థం రాసి ఊరుకోకుండా, ఏ దారిన వచ్చింది, మెప్పా నిందా, అన్న రెండు వివరాలూ కూడా చేర్చి ఇవ్వండి.